కప్పం కట్టి కొన్న శాంతి

ఖిలా వరంగల్ పోయినవాళ్లు తోరణాల దగ్గర ఫొటోలు దిగి తిరిగొస్తారు. యుద్ధం సంగతి తెలియాలంటే బయటి మట్టికోట దగ్గర ఆగాలి. ఆ గోడలో ఉక్కు ఈటె దిగదని, రాతిగుండు తగిలినా పిల్లలాడే కాయలా ఎగిరిపడుతుందని ఢిల్లీ పక్షం వాళ్లే రాసుకున్నారు. 1310లో ఢిల్లీ సుల్తాన్ అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం కందకం పూడ్చి ఆ మట్టిగోడను కూడా దాటింది. లోపలి రాతికోట అప్పటికి ఇంకా నిలిచే ఉంది, అయినా కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు రాజీకొచ్చాడు.

నన్నడిగితే ఓరుగల్లు కొంప ముంచింది ఆ రాజీయే. ఖజానాతో పాటు ఏనుగులు, గుర్రాలు ఇచ్చాడు, ఏటా కప్పం ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఏనుగులు, గుర్రాలంటే సైన్యమే కదా! ఇచ్చినవాడి బలం తగ్గింది, పుచ్చుకున్నవాడి బలం పెరిగింది. ‘మళ్లీ రాం’ అన్న మాటకు జామీను ఎవరు?

1316లో అలాఉద్దీన్ పోయాడు. ఢిల్లీలో గద్దె కోసం కొట్లాట, ఇక్కడ కప్పం బంద్. వసూలు చేసే సత్తా వాళ్లకు ఇంకా ఉందో లేదో తేలాలంటే ఆపి చూడాల్సిందే. అటు దేవగిరి కూడా ఎదురుతిరిగింది, ఒకరిని వదిలితే అందరూ ఎగ్గొడతారని ఢిల్లీ భయం. 1318లో ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ బాకీకి వచ్చాడు, మళ్లీ ఏనుగులు పోయాయి. 1321లో సుల్తాన్ చనిపోయాడన్న పుకారుకు, ఓరుగల్లును ముట్టడించిన అతని కొడుకు ఉలుగ్ ఖాన్ సైన్యం చెదిరిపోయింది. 1323లో మళ్లీ వచ్చినప్పుడు రాజునే బందీగా పట్టుకెళ్లారు.

మేడారం కథలోనూ కరువులో కట్టలేని కప్పమే. అక్కడ వసూలుకొచ్చింది మన కాకతీయులు! శాసనాధారం అడగకండి, అది జనం జ్ఞాపకం.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాతా ఇదే వరస. 1921లో గెలిచిన దేశాలు ఓడిన జర్మనీ మీద 13,200 కోట్ల బంగారు మార్కుల బాకీ వేశారు. కలప, బొగ్గు సరిగా పంపలేదని 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు జర్మనీ బొగ్గు గనుల ప్రాంతం రూర్‌లో దిగాయి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1951లో పద్ధతి మార్చారు. ఫిరంగికి కావాల్సిన బొగ్గు, ఉక్కు రెండింటినీ ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీతో కలిపి ఆరు దేశాలు ఒకే ఉమ్మడి సంస్థ కిందికి తెచ్చాయి. ఎవరెంత తీస్తున్నారో లెక్క దాని దగ్గర ఉండేది, తప్పిన కంపెనీకి జరిమానా పడేది, తగాదా వస్తే కోర్టు ఉండేది. గెలిచిన ఫ్రాన్స్ కూడా అదే లెక్కకు లోబడింది, కప్పానికీ దీనికీ తేడా అదే. అమెరికా సైన్యం ఐరోపాలోనే ఉండటం కూడా పనిచేసింది, ఆ మాట దాచక్కర్లేదు. యాభై ఏళ్లకని రాసుకున్న ఆ ఒప్పందం గడువు 2002లో తీరింది. ఆ ఏడాది జనవరికే ఫ్రాన్స్, జర్మనీ రెండు దేశాల జేబుల్లోకీ ఒకటే యూరో నోటు వచ్చేసింది.