డ్రాయింగు మాస్టారి పోస్టు భర్తీ చేయండి

విశాఖపట్నంలో ఒక మున్సిపల్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా డ్రాయింగు మాస్టారు ఉద్యోగ విరమణ చేశాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. టైమ్‌టేబుల్‌లో ఆ పిరియడ్ మాత్రం అలాగే ఉంది. జనవరి వస్తే పదో తరగతి వాళ్లది గణితానికి పోతుంది, చిన్న తరగతులది ఎవరికి తీరిక ఉంటే వాళ్లకు. కళలకు కూడా గ్రేడు వేయాలి కదా, ఆ పని క్లాసు టీచర్ల మీద పడుతుంది. నేర్పని విద్యకు గ్రేడు వేయమంటే నాకు చెయ్యి రాదు.

మాస్టారు ఉన్న రోజుల్లో పువ్వు భాగాల పాఠం ఇద్దరం కలిసి చెప్పేవాళ్లం. ఆయన బల్లకొక మందారం ఇచ్చి, కాసేపు ఎవరూ పెన్సిలు ముట్టుకోవద్దనేవారు. రేకులు ఏ వైపుకు తిరిగి ఒకదాని మీద ఒకటి ఒరిగాయో చూడమనేవారు. కేసరాలన్నీ కలిసి గొట్టంలా ఏర్పడటం, దాని మధ్యలోంచి కీలం పైకి వచ్చి కొసన అయిదుగా చీలడం పిల్లలు తామే కనిపెట్టేవారు. హార్బరు వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి తరగతిలో నోరు విప్పేవాడు కాదు. వాడు గీసిన మందారంలో ఒక రేకుకు పురుగు కొరికిన చిల్లు ఉంది. వాడి చేతిలోని పువ్వుకూ సరిగ్గా అక్కడే ఉంది. శాస్త్రం మొదలయ్యేది అక్కడే అని నా నమ్మకం. ఇప్పుడు పిల్లలు గైడులోని బొమ్మను దించుతున్నారు. పువ్వు వైపు చూడరు.

మరుగుదొడ్లకే డబ్బు చాలని చోట బొమ్మలకా అని అడిగేవాళ్లున్నారు. ఆ మాట నన్ను బాధిస్తుంది. డబ్బున్న ఇంటి పిల్లలు సాయంత్రం సంగీతానికో నాట్యానికో వెళ్తారు. చేపల రేవులో పనిచేసే అమ్మ కూతురికి ఆ అవకాశం బడిలో దొరకాలి, లేకపోతే ఎక్కడా దొరకదు. పైగా ఇది కొత్త కోరిక కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది: ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. కళలను అన్ని దశల్లోనూ పాఠ్యాంశంగా నేర్పాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అంతకు ముందే చెప్పింది.

కళకు జీతమిచ్చి గురువును పెడితే ఏం జరుగుతుందో మా పక్క ఊరు విజయనగరం చూపించింది. 1919లో మహారాజా వారు అక్కడ సంగీత పాఠశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని అధ్యక్షుణ్ణి చేశారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి వయొలిన్ బోధన అప్పగించారు. తరవాత ఘంటసాల అక్కడికే వచ్చి, మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ చదువుకున్నారు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావుకు దారి చూపింది ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే. ప్రతిభ ఆ పిల్లలదే. కానీ దాన్ని గుర్తుపట్టే మనిషి జీతం తీసుకుంటూ అక్కడ ఉన్నాడు.

2015లో మొదలైన కళా ఉత్సవ్ లాంటి బడిపిల్లల కళల పోటీలు మంచివే. అయితే ఏడాది పొడవునా నేర్పేవాళ్లు లేనప్పుడు, పోటీకి వారం ముందు ఫోనులో వీడియో చూసి నేర్చుకున్న నాట్యమే వేదిక ఎక్కుతుంది. బహుమతికయ్యే ఖర్చు కంటే ముందు బోధకుడి జీతం గురించి ఆలోచించాలి. స్వచ్ఛంద సంస్థలు వస్తాయి, రంగులు పంచుతాయి, ఫొటో తీసుకుంటాయి. మంచి మనసుతోనే వస్తాయి, కాదనను. మర్నాడు ఆ పిల్లల దగ్గర ఎవరుంటారు?

తల్లిదండ్రులకు ఒక మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు మీరే. కమిటీ తయారుచేసే అభివృద్ధి ప్రణాళిక ఆధారంగానే నిధులు ఇవ్వాలని 22వ సెక్షన్ చెబుతోంది. అందులో గోడలకు రంగులు, ఫ్యాన్లు రాస్తున్నాం. ఈసారి ఇవి కూడా రాయించండి: డ్రాయింగుకు ఒకరు, సంగీతానికి ఒకరు, వారానికి రెండు పిరియడ్లు, కాగితాలు, నీటి రంగులు, ఒక హార్మోనియం, అవి పెట్టుకోవడానికి తాళం వేసే బీరువా. తీర్మానం మీద సంతకాలు చేసి, నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.