నెట్ ఇంగ్లిష్: ఐదో యూనిట్‌ని చివరికి పెట్టుకోకండి

అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పరీక్ష అయిన నెట్‌కి ఇంగ్లిష్ సబ్జెక్టుతో చదివేవాళ్లలో చాలామంది డ్రామా, పొయెట్రీ, ఫిక్షన్ అంటూ మొదటి యూనిట్లలోనే నెలలు గడిపేస్తారు. ఐదో యూనిట్, అంటే లాంగ్వేజ్ తెరిచేసరికి పరీక్ష తేదీ మీద పడుతుంది. లిటరేచర్‌కి అంతు లేదు, ఎంత చదివినా పేరు కూడా వినని నవల ఒకటి అడుగుతాడు. ఈ యూనిట్‌లోని లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రం, నెలన్నర గట్టిగా కూర్చుంటే ఒక కొలిక్కి వస్తుంది.

లెక్క తెలిసిందే. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, ఒక్కోదానికి 2 మార్కులు, మొత్తం 3 గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. జనరల్‌కి 40 శాతం వస్తే చాలనుకుని ఆగిపోకండి. క్వాలిఫై చేసేది పరీక్ష రాసినవాళ్లలో 6 శాతం మందినే.

ఫొనెటిక్స్‌కి, అంటే ధ్వనులు పలికే తీరు చెప్పే పాఠానికి, చిన్నప్పుడు దిద్దిన వర్ణమాలే మంచి నోట్స్. క-చ-ట-త-ప వరుసలు నోటి వెనక నుంచి పెదాల దాకా వస్తాయి: వీలర్, పాలటల్, రెట్రోఫ్లెక్స్, డెంటల్, బైలేబియల్. ప్రతి వరుసలో చివరిది నేసల్, అంటే ముక్కుతో పలికేది. ఎక్కడా వాడకుండా వదిలేసిన ఙ ఉంది చూశారూ, 'సింగ్' చివర వినిపించే శబ్దం అదే. 'సింగర్'లో ఙ తర్వాత గ పలకరు, 'ఫింగర్'లో పలుకుతారు. 'థాట్' స్పెల్లింగ్‌లో ఏడు అక్షరాలున్నా ధ్వనులు మూడే. 'బాక్స్' స్పెల్లింగ్ మూడక్షరాలే, ధ్వనులు నాలుగు. స్పెల్లింగ్ చూసి లెక్కపెట్టారంటే మార్కులు పోయినట్టే.

మన తెలుగే కొంప ముంచే చోట్లూ ఉన్నాయి. 'టేబుల్'లో మొదటి ధ్వనిని మనం ట అంటాం కాబట్టి రెట్రోఫ్లెక్స్ అని పెట్టేస్తాం. బ్రిటిష్ ఉచ్చారణలో అది ఆల్వియోలర్: నాలుక కొస పై పళ్ల వెనక చిగురుకి తగులుతుంది. 'థిన్'లో మొదటిది ఫ్రికేటివ్ (గాలి రాసుకుంటూ వచ్చేది), మన థ స్టాప్ (గాలిని పూర్తిగా ఆపి వదిలేది). వీ, డబ్ల్యూ రెండింటికీ మనకున్నది ఒక్క వ. అందుకని వీ లేబియోడెంటల్ (పై పళ్లు కింది పెదవికి తగిలేది) అనీ, డబ్ల్యూ రెండు పెదాలూ గుండ్రంగా చుట్టి పలికేదనీ విడిగా గుర్తుపెట్టుకోవాలి.

ఫొనీమ్ (అర్థాన్ని మార్చే ధ్వని) నిర్వచనం బట్టీ పట్టే బదులు కల, కళ పక్కపక్కన రాసుకోండి. ఒక్క ధ్వని మారితే అర్థం మారింది, అదే మినిమల్ పెయిర్. అల్లోమార్ఫ్‌కి (ఒకే ప్రత్యయానికి వేర్వేరు రూపాలు) అబ్బాయికి, అమ్మకు చాలు: ఇకారం తర్వాత కి, మిగతా చోట్ల కు. ఇప్పుడు అమ్మకి అని కూడా అంటున్నాం, అది సోషియోలింగ్విస్టిక్స్‌కి (సమాజంలో భాష వాడకాన్ని చూసే శాస్త్రం) ఉదాహరణగా దాచుకోండి.

ఏళ్లు మాత్రం బట్టీ పట్టక తప్పదు, కాలక్రమంలో పెట్టమని అడుగుతాడు. భాషాశాస్త్రవేత్తల పుస్తకాలు వచ్చిన ఏళ్లు ఇవి: సొస్యూర్ కోర్స్ 1916, బ్లూమ్‌ఫీల్డ్ 1933, చామ్‌స్కీ సింటాక్టిక్ స్ట్రక్చర్స్ 1957, ఆస్టిన్ 1962, సర్ల్ 1969. ఇంగ్లిష్ ఇన్ ఇండియాకి, అంటే మన దేశంలో ఇంగ్లిష్ చరిత్రకి, 1813 చార్టర్ చట్టం, 1835 మెకాలే విద్యా నివేదిక, 1854 వుడ్ విద్యా లేఖ, 1857లో మూడు యూనివర్సిటీలు. ద్రావిడ భాషలు వేరే కుటుంబమని ఎల్లిస్ 1816లో చూపించింది కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలోనే. ద్రావిడ భాషల మీదే కాల్డ్వెల్ పుస్తకం 1856లో వచ్చింది. ఆప్షన్లలో ఈ ఇద్దరూ కలిసి కనిపిస్తే తడబడకండి.

2023 సవరణ తర్వాత యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి కనీస అర్హతగా నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) సరిపోతుంది. యూజీసీ స్కేలులో మొదటి మూల వేతనం 57,700. ఆ అర్హతకి గడువు లేదు గానీ, పీహెచ్‌డీ అడ్మిషన్‌కి వాడే నెట్ స్కోరు ఒక్క ఏడాదే పనికొస్తుంది. ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీలు పెట్టే సెట్‌లలోనూ ఇదే 50, 100 పద్ధతి. అది పాసైతే ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది.