రిజిస్ట్రేషన్ నంబర్ చూశాకే అమ్మ కన్ను చూపించాం

అమ్మకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. తను సూర్యాపేట దగ్గర మా ఊళ్లో, నేను హైదరాబాద్‌లో. సంక్రాంతికి వెళ్లినప్పుడు గడప దగ్గర నిలబడి, "దర్వాజ వంకరగ అవుపడుతున్నది బిడ్డా" అంది. ఒక్కో కన్ను మూసి చూడమంటే ఎడమ కంటికే అలా ఉందని తేలింది. అప్పటికే టౌన్‌లో కళ్లద్దాల షాపు వెనక గదిలో చూపించుకుని వచ్చిందట. "పొర వచ్చిందంట, ఆపరేషన్ జేస్తె పోతదంట" అంటూ చీటీ నా చేతిలో పెట్టింది.

ఆ చీటీ మీద పేరు ముందు 'డా.' అని, పేరు కింద 'కంటి వైద్య నిపుణులు' అని ఉంది. డిగ్రీ దగ్గర బీ.ఆప్టమ్ ఒక్కటే. రిజిస్ట్రేషన్ నంబర్ ఎక్కడా లేదు.

బీ.ఆప్టమ్ చదివి, సైటు చూసి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టులంటే నాకు గౌరవం. అది నాలుగేళ్ల చదువు. పెద్దాసుపత్రుల్లోనూ మొదట సైటు చూసేది చాలావరకు వాళ్లే. కానీ కంటికి ఆపరేషన్ చేయడం, కంట్లోకి ఇంజెక్షన్ ఇవ్వడం వాళ్ల పని కాదు. దానికి ఎంబీబీఎస్ చదివి, ఆపైన కంటి వైద్యంలో ఎంఎస్, ఎండీ, డీఎన్‌బీ, డీఓ డిప్లొమా, వీటిలో ఏదో ఒకటి చేసి ఉండాలి. షాపుకు ఫోన్ చేసి ఆపరేషన్ ఎవరు చేస్తారని అడిగాను. బయటి నుంచి డాక్టర్ వస్తారన్నారు. పేరు చెప్పమంటే "ఆ రోజు చూస్తారు కదమ్మా" అన్నారు. కన్ను కోసే మనిషి పేరు ముందుగా చెప్పని చోటికి అమ్మను పంపనని అప్పుడే అనుకున్నాను.

డాక్టర్లు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఇచ్చిన నంబర్‌ను క్లినిక్‌లో కనబడేలా పెట్టాలి, మందుల చీటీ మీదా రశీదు మీదా వేయాలి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఈ మాట ఉంది. కాబట్టి నంబర్ అడిగితే ఎవరినో అవమానించినట్టు కాదు. మా బావ మాత్రం "డాక్టర్‌నే సర్టిఫికెట్ అడుగుతావా?" అని మొహమాటపడ్డాడు. ఆటో ఎక్కేముందు మీటర్ చూసుకుంటాం, కంటి దగ్గరికొచ్చేసరికి మొహమాటం ఎందుకో నాకర్థం కాదు.

హైదరాబాద్‌లో రెటినా, అంటే కంటి లోపల వెనక ఉండే తెర, చూసే డాక్టర్లు ఎవరని తెలిసినవాళ్లను అడిగి కొన్ని పేర్లు రాసుకున్నాను. షుగర్ ఉన్నవాళ్లకు గీతలు వంకరగా కనబడితే చూడాల్సింది రెటినా అని మా ఇంటి దగ్గరి జనరల్ ఫిజీషియన్ చెప్పారు. జాతీయ వైద్య కమిషన్ సైట్‌లో దేశంలోని డాక్టర్ల రిజిస్టర్ ఉంటుంది. పేరుతో వెతకొచ్చు, నంబర్‌తో వెతకొచ్చు, రాష్ట్ర కౌన్సిల్‌ను ఎంచుకుని వెతకొచ్చు. పేరుతో వెతికితే అదే పేరున్నవాళ్లు వరసగా వస్తారు. తండ్రి పేరు, రిజిస్టరైన సంవత్సరం చూసి మనకు కావాల్సిన మనిషిని పట్టుకోవాలి. వివరాలు తెరిస్తే ఎంబీబీఎస్ ఏ యూనివర్సిటీ, ఏ ఏడాది, ఆపైన నమోదు చేయించుకున్న పీజీ ఏమిటి అన్నీ ఉంటాయి.

నాకు నచ్చిన ఒక మేడమ్ పేరు తెలంగాణ కౌన్సిల్ కింద ఎంత వెతికినా రాలేదు. గుండె జారింది. కాసేపటికి తట్టింది, రాష్ట్రం విడిపోయింది 2014 జూన్ 2న, ఆమె చదువు అంతకు ముందుదే. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ ఎంచుకుని వెతికితే ఎంబీబీఎస్, ఎంఎస్ రెండూ కనిపించాయి. హైదరాబాద్‌లో సీనియర్ డాక్టర్ల కోసం వెతికేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

రిజిస్టర్ చెప్పేది అంతవరకే. ఎంఎస్ తర్వాత రెటినాలో చేసే ప్రత్యేక శిక్షణ, ఫెలోషిప్, మామూలుగా అందులో ఉండదు. దాన్ని నోరు తెరిచి అడగాలి. అపాయింట్‌మెంట్‌కు ఫోన్ చేసినప్పుడు మేడమ్ రెటినా ట్రైనింగ్ ఎక్కడ చేశారు, రెటినాను లోతుగా చూపించే ఓసీటీ స్కాన్ అక్కడే తీస్తారా, ఇంజెక్షన్ అవసరమైతే ఎవరిస్తారు అని అడిగాను. రిసెప్షన్‌లోని అమ్మాయి విసుక్కోకుండా అన్నిటికీ జవాబిచ్చింది. ఇంజెక్షన్ మేడమే ఇస్తారంది. మేడమ్ ఎంఎస్ మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో చేశారట, ఫెలోషిప్ మదురై అరవింద్‌లో.

ఆసుపత్రిలో ముందు కంటి ప్రెషర్ చూసి, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి కూర్చోబెట్టారు. ఆ చుక్కలు పడ్డాక కొన్ని గంటలు దగ్గరివి మసకబారతాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. నల్లద్దాలు, తోడు ఒక మనిషి తప్పనిసరి. చుక్కలకు ముందే మేడమ్ చదరపు గళ్లు గీసిన కార్డు అమ్మ చేతికిచ్చి, ఒక కన్ను మూసి నడిమి చుక్కను చూడమన్నారు. "నడుమ గళ్లు లోపలికి గుంజుకపోయినట్టున్నయ్" అంది అమ్మ. స్కాన్‌లో మాక్యులా, అంటే రెటినా నడిమి భాగం, దగ్గర నీరు చేరి ఉబ్బిన చోటు నాక్కూడా తెలిసింది. షుగర్ వల్ల వచ్చిన వాపు. షాపువాళ్లు పొర అన్న శుక్లం ఉంది కానీ మొదటి దశలోనే ఉంది, గీతలు వంకరపోవడానికి అది కారణం కాదన్నారు. ముందు నెలకొకటి చొప్పున ఇంజెక్షన్లు వేసి వాపు తగ్గించాలి, శుక్లం సంగతి ఆ తర్వాత. వాపు ఉండగానే శుక్లం తీస్తే వాపు ఇంకా పెరిగే అవకాశం ఉందని బొమ్మ గీసి చెప్పారు. షాపువాళ్ల మాట విని ఆపరేషన్‌కు వెళ్లి ఉంటే అనుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

మందు పేరు, ధర, వచ్చే ప్రమాదాలు తెలుగులో రాసిన కాగితం చదివించి సంతకం తీసుకున్నారు. ఆపరేషన్ థియేటర్‌లోనే, మత్తు చుక్కలు వేసి, కన్ను శుభ్రం చేసి ఇంజెక్షన్ ఇచ్చారు. "చీమ కుట్టినట్టు గూడ లేదు" అంది అమ్మ బయటికొచ్చి. నొప్పిగానీ ఎరుపుగానీ పెరిగినా, చూపు తగ్గినా అర్ధరాత్రయినా ఫోన్ చేయమని నంబర్ ఇచ్చారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష చేయించుకుని రమ్మన్నారు, అది అదుపులో లేకపోతే కంట్లో ఎంత మందు వేసినా ఫలితం నిలవదట.

ఇది తెలిసి మా మేనమామ తన గ్లకోమాకు (కంటి నరం దెబ్బతినే జబ్బు) చూసే డాక్టర్ చీటీ ఫొటో పంపాడు. వెతికితే రిజిస్టర్‌లో ఎంబీబీఎస్ ఒక్కటే ఉంది. అంతమాత్రాన దొంగ డాక్టర్ అనుకోవద్దు, పీజీ నమోదు ఆలస్యమై ఉండొచ్చు, నేరుగా అడుగు అన్నాను. ఆ డాక్టర్ గారు ఏమీ అనుకోకుండా డీఎన్‌బీ సర్టిఫికెట్, అదనపు అర్హత కోసం కౌన్సిల్‌లో కట్టిన రశీదు చూపించారట. మామ అక్కడే చుక్కల మందు వాడుతున్నాడు.