థార్‌కు పొగమంచు దీపాలు: వైరింగ్ మళ్లీ మొదటి నుంచి

మొదటి ఆదివారం పాత పని విప్పడంతోనే గడిచిపోయింది. నాలుగేళ్ల కిందట ఒక దుకాణంలో నా థార్ ముందు బంపర్‌కు రెండు పసుపు పొగమంచు దీపాలు పెట్టించాను. చలికాలం తెల్లవారుజామున లంబసింగి దారి పట్టేవాళ్లకు వాటి విలువ తెలుసు. ఈమధ్య అవి మసకబారాయి. బల్బులు మార్చినా ఫలితం లేదు. టేపు విప్పితే కారణం బయటపడింది. హెడ్‌లైట్ వైరు తొడుగు చెక్కి, దీపాల వైరును దానికే మెలితిప్పి చుట్టేశారు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) లేదు, ఫ్యూజు లేదు. ముడి దగ్గర ఎర్ర తొడుగు గోధుమ రంగుకు తిరిగింది. గోటితో నొక్కితే అప్పడంలా విరిగింది. ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. ఈ బండిలో నా పిల్లలు ప్రయాణిస్తారు.

ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర 14.0 వోల్టులు, దీపం దగ్గర 12.3. మిగిలినదంతా సన్నని వైరులో, వదులు ముడుల్లో వేడిగా పోతోంది.

రెండో ఆదివారం ముందుగా లెక్క వేసుకున్నాను. ఒక్కో బల్బు 55 వాట్లు, రెండూ కలిపి 110. పన్నెండు వోల్టులతో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. అందుకని 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు, 30 ఆంపియర్ల రిలే తీసుకున్నాను. ఫ్యూజు కాపాడేది వైరును. కాబట్టి దాన్ని బ్యాటరీకి జానెడు దూరంలోపే బిగించాను. దీపం దగ్గర పెడితే, దారిలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినా ఫ్యూజు కాలదు, వైరే మండుతుంది.

బ్యాటరీ నెగెటివ్ ముందుగా విప్పి, అన్నిటికన్నా చివర బిగించాను. రిలే కాళ్లకు నంబర్లుంటాయి: 30కి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87 నుంచి దీపాలకు, 85 ఎర్తుకు, 86కు పార్కింగ్ లైటు నుంచి స్విచ్చి మీదుగా సన్నని వైరు. పార్కింగ్ లైటు ఆర్పితే ఇవీ ఆరిపోతాయి, మరిచిపోయి బ్యాటరీ దిగిపోయే భయం లేదు. నీళ్లు నిలవకుండా రిలే కాళ్లు కిందికి ఉండేలా బిగించాను. క్యాబిన్ గోడ దాటేచోట వైరుకు రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) తప్పనిసరి. రేకు అంచు కత్తిలాంటిది. ఎర్తు బోల్టు కింద పెయింటు మెరిసేదాకా గీకి, లగ్ (వైరు కొసకు వేసే లోహపు తొడుగు) బిగించి, పైన గ్రీజు రాశాను. కొండదారి అదురుకు టంకం వేసిన అంచు దగ్గర వైరు తెగడం ఇదివరకు చూశాను, అందుకే అన్నిచోట్లా క్రింపింగే (లోహపు తొడుగును వైరు మీద నొక్కి బిగించడం) చేశాను.

నిన్న, మూడో ఆదివారం, మళ్లీ కొలిస్తే దీపం దగ్గర 13.6 వోల్టులు. ఇరవై ఐదు అడుగుల దూరంలో గోడ ముందు బండి నిలిపి, వెలుగు పై అంచు దీపం ఎత్తుకన్నా నాలుగు అంగుళాలు కిందికి ఉండేలా దించాను. ఎదురుగా వచ్చేవారి కళ్లలో వెలుగు కొట్టే దీపం ఎంత బాగా వెలిగినా నాకు వద్దు.

అరగంట వెలిగించి ఒక్కో అతుకునూ వేలితో తాకి చూశాను. అన్నీ చల్లగానే ఉన్నాయి, కుడి దీపం ఎర్తు లగ్ మాత్రం గోరువెచ్చగా తగిలింది. దాన్ని కోసి కొత్తది వేశాను. ఈ శనివారం రాత్రి ఘాట్‌లో నడిపి, అక్కడే ఆపి మళ్లీ తాకి చూడాలి.