ఆక్సిమీటర్‌లో 97 ఉంది కదా, మళ్లీ ఊపిరి పరీక్షలెందుకు?

కోవిడ్ పుణ్యమా అని ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక పల్స్ ఆక్సిమీటర్ ఉంది. కండరాలను ఆడించే నరాలు క్రమంగా దెబ్బతినే మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్న ఇంట్లో మాత్రం అది చూపించే అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఈ జబ్బులో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. వాటిని ఆడించే కండరాలు, ముఖ్యంగా ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం, బలం కోల్పోతాయి. బోరులో నీళ్లున్నా మోటారు లాగలేకపోవడం లాంటిదన్నమాట. ముందుగా జరిగేది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం, అది కూడా మొదట నిద్రలో. పగలు వేలికి తగిలించి చూస్తే 96, 97 కనిపిస్తూనే ఉంటాయి. మా నాన్నగారికి ఏఎల్‌ఎస్ (ఈ జబ్బులో ఒక రకం) అని తేలినప్పటి నుంచి మేం నమ్ముకున్నవి వేరే అంకెలు: ఊదే బలం, దగ్గే బలం, రాత్రి రికార్డు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం జబ్బు తేలగానే ఒకసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి ఊపిరి పరీక్షలు చేయాలి. మేమూ అదే పద్ధతిలో వెళ్తున్నాం. ఇబ్బంది కనిపించాక వెళ్దామనుకుంటే ఆలస్యమైపోతుంది. నడక తగ్గిన మనిషికి ఆయాసం తెలిసేంత శ్రమే ఉండదు.

మొదటిది స్పైరోమెట్రీ, అంటే ల్యాబుల్లో పీఎఫ్‌టీ అనేది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆస్తమా, సీఓపీడీ రోగులు కాబట్టి టెక్నీషియన్ అలవాటుగా ఒకసారి ఊదించి, మందు పీల్పించి, మళ్లీ ఊదిస్తారు. మన రోగికి ఆ రెండో విడత అక్కర్లేదు, ఉన్న ఓపికంతా దానికే పోతుంది. అందుకే డాక్టరు చీటీలోనే ‘కూర్చుని ఒకసారి, పడుకుని ఒకసారి ఎఫ్‌వీసీ, బ్రాంకోడైలేటర్ వద్దు’ అని రాయించుకుంటాం. ఎఫ్‌వీసీ అంటే నిండా పీల్చి మొత్తం ఊదగలిగిన గాలి, బ్రాంకోడైలేటర్ అంటే ఆ పీల్పించే మందు. కడుపు నిండా తిని వెళ్లకూడదు, బట్టలు వదులుగా ఉండాలి. ముక్కుకు క్లిప్పు, పళ్ల మధ్య మౌత్‌పీసు, చుట్టూ పెదాలు బిగించి, నిండా పీల్చి, ఆగకుండా చివరిదాకా ఊదాలి. సరైన ఊదుళ్లు మూడు రావాలి. వాటిలో పెద్ద రెండింటి మధ్య తేడా 150 మి.లీ. దాటకూడదు. మధ్యమధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగనివ్వమని మనమే అడగాలి. వరసగా ఊదిస్తే ప్రతిసారీ అంకె తగ్గుతూ పోతుంది. అది జబ్బు ముదరడం కాదు, అలసట.

పడుకున్నప్పటి అంకె చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అసలు విషయం చెప్పేది అదే. కూర్చున్నప్పుడు పొట్టలోని అవయవాల బరువు కిందికి లాగి డయాఫ్రానికి సాయం చేస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఆ సాయం పోతుంది, బరువంతా దాని మీదే పడుతుంది. కూర్చుంటే 2.60 లీటర్లు, పడుకుంటే 1.90 వచ్చిందనుకోండి: 27 శాతం పడిపోయినట్టు. పది శాతం లోపు తేడా మామూలే. ఇరవై, ఇరవై ఐదు దాటితే డయాఫ్రం దెబ్బతిన్నట్టే లెక్క. వెల్లకిలా పడుకోలేకపోతే బలవంతం చేయించకూడదు. పడుకోలేకపోయారన్న సంగతే రిపోర్టులో రాయించాలి, అదీ ఒక ఫలితమే.

మాట ముద్దగా అయిపోయి, పెదాలు బిగించలేని వాళ్లకు గాలి పక్కనుంచి పోయి అంకె ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. వాళ్లకు మౌత్‌పీసు బదులు ముఖానికి ఆనే మాస్కు పెట్టించాలి. ముక్కుతో గట్టిగా ఎగబీల్చే స్నిప్ పరీక్ష ఉంటే ఇంకా మంచిది. ఒక రంధ్రంలో సెన్సర్ ఉన్న ప్లగ్గు పెట్టి, రెండోది తెరిచి ఉంచి, పదిసార్ల దాకా ఎగబీల్పించి పెద్ద అంకె తీసుకుంటారు. 40 సెం.మీ. నీటి పీడనం లోపు వస్తే బైపాప్ (మాస్కు ద్వారా ఊపిరికి సాయం చేసే మెషీన్) గురించి మాట్లాడాల్సిందే. మన దగ్గర అన్ని ల్యాబుల్లో ఇది ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

రిపోర్టులో శాతం కన్నా లీటర్లు చూడండి. శాతం అనేది ఎత్తు, వయసు, ల్యాబు వాడే ప్రామాణిక పట్టిక మీద ఆధారపడుతుంది. ల్యాబు మారితే ఊదినది అదే అయినా శాతం మారవచ్చు. నిలబడలేని మనిషి ఎత్తు ఎవరో ఒకరు ఉజ్జాయింపుగా రాసేస్తారు. రెండు చేతులూ చాపి వేలి కొస నుంచి వేలి కొస దాకా కొలిపించి ఎత్తు బదులు అదే ప్రతిసారీ ఇవ్వండి. శాతం 80 లోపుకి వచ్చి లక్షణాలు కూడా ఉన్నా, లక్షణాలు లేకుండానే 50 లోపుకి పడినా బైపాప్‌కి వేళయినట్టే. ఆహారం నేరుగా పొట్టలోకి పంపే పీగ్ ట్యూబు వేయించేది ఉంటే అదీ 50కి పడకముందే తేల్చుకోవాలి, తర్వాత మత్తిచ్చి పడుకోబెట్టడమే ప్రమాదం అవుతుంది.

దగ్గు బలానికి ఆస్తమా వాళ్లు వాడే మామూలు పీక్ ఫ్లో మీటరే చాలు. ముల్లు సున్నాకి దించి, నిండా పీల్చి అందులోకి ఒక్క దగ్గు దగ్గాలి. నిమిషానికి 270 లీటర్లకు తగ్గితే జలుబు చేసినప్పుడు కఫం బయటికి రావడం కష్టం. ఆంబు బ్యాగుతో (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) ఊపిరి మీద ఊపిరిగా గాలి నింపి దగ్గించడం ఫిజియోథెరపిస్ట్ దగ్గర అప్పుడే నేర్చుకోవాలి. 160 లోపైతే దగ్గు ఉన్నా లేనట్టే, దగ్గుకు సాయం చేసే కాఫ్ అసిస్ట్ మెషీన్ చూడాలి.

రాత్రి రికార్డుకి మెమరీ ఉన్న ఆక్సిమీటర్ కావాలి. గోళ్ల రంగు తీసేసి, చెయ్యి చల్లబడకుండా చూసి, సెన్సర్‌ని టేపుతో అంటించాలి. కనీసం నాలుగు గంటల రికార్డు ఉంటేనే పనికొస్తుంది. మొత్తంలో 5 శాతానికి మించిన సమయం 90 కింద ఉన్నా, వరసగా 5 నిమిషాలు 88కి దిగినా డాక్టరుకి చూపించాలి. కలలొచ్చే నిద్రలో మిగతా ఊపిరి కండరాలన్నీ సడలి డయాఫ్రం ఒక్కటే పనిచేస్తుంది. గ్రాఫులో గుంతలు గుంపులుగా, ఎక్కువగా తెల్లవారుజామున కనిపించేది అందుకే.

కార్బన్ డయాక్సైడ్ కోసం మణికట్టు ధమని నుంచి రక్తం తీసి ఏబీజీ అనే పరీక్ష చేస్తారు, నొప్పి ఎక్కువే. అందులో కార్బన్ డయాక్సైడ్ మామూలుగా 35 నుంచి 45 ఉండాలి. పొరపాటున సిరలోంచి వస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా, ఆక్సిజన్ బాగా తక్కువగా కనిపించి ఇంటిల్లిపాదినీ భయపెడుతుంది. అందులోనే ఉండే బైకార్బనేట్ కూడా చదవండి. కార్బన్ డయాక్సైడ్ 44 ఉండి బైకార్బనేట్ మామూలు కన్నా ఎక్కువగా 29 ఉంటే, రాత్రుళ్లు పేరుకుంటున్నదాన్ని కిడ్నీలు సర్దుతూ వస్తున్నాయేమో అని అడగాలి.

వీటి మధ్యలో ఇంట్లో రాసుకునేవి కూడా ఉన్నాయి. లేవగానే తలనొప్పి, పగటి నిద్ర, పీడకలలు, ఆకలి మందగించడం, తలకింద దిండ్లు ఒకటి నుంచి మూడుకి పెరగడం, ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతదాకా లెక్కపెట్టగలరు అన్నది. లెక్క ప్రతిసారీ ఒకే వేగంతో ఉండాలి. వేరేవాళ్లతో కాదు, వాళ్ల పాత అంకెతోనే పోల్చాలి.

ఇంత పట్టింపు దేనికంటే, 2006లో న్యూకాజిల్‌లో జరిగిన ట్రయల్‌లో, మింగడం, మాట మరీ దెబ్బతినని రోగులకు బైపాప్ తరహా సాయంతో మధ్యస్థ ఆయుష్షు 205 రోజులు పెరిగింది. నిద్ర, జీవన నాణ్యత కూడా మెరుగయ్యాయి.

బైపాప్ వచ్చాక మెషీన్‌లోని కార్డు చదివించాలి: వాడిన గంటలు, మాస్కు లీకు, ఒక్కో ఊపిరికి వెళ్తున్న గాలి. లీకు ఎక్కువుంటే ప్రెషర్ పెంచడం కాదు, మాస్కు మార్చడం ముందు. పెట్టుకుని పడుకున్న రాత్రి కూడా ఆక్సిమీటర్ రికార్డు తీయించాలి.

చివరిగా పర్సులో పెట్టుకునే ఒక కాగితం. అత్యవసర విభాగంలో ఆయాసం అనగానే ఆక్సిజన్ మాస్కు పెట్టి ఊరుకుంటారు. మన రోగికి ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే అంకె 99కి ఎక్కుతుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మత్తులోకి జారిపోవచ్చు. న్యుమోనియా ఉంటే ఆక్సిజన్ కావాల్సిందే, కానీ బైపాప్‌తో కలిపి. న్యూరాలజిస్ట్ సంతకంతో మా కాగితంలో ఉన్నది ఇది: మోటార్ న్యూరాన్ డిసీజ్, ముందు బైపాప్, ఆక్సిజన్ ఇస్తే లక్ష్యం 88 నుంచి 92, వెంటనే ఏబీజీ, నిద్రమాత్రలు, మత్తు మందులు మా డాక్టరుని అడగకుండా ఇవ్వొద్దు. దాని వెనక చివరి మూడు ఎఫ్‌వీసీ అంకెలు, బైపాప్ సెట్టింగులు రాసి, సొంత మెషీన్, మాస్కు కూడా వెంట తీసుకెళ్తాం.