మిర్చి కల్లం, 16 రంగులు: మట్టిలో కలిసిపోతున్న ఎరుపు

నాలుగు ఆదివారాలు పోయాయి. ఆకాశం రెండు రంగుల్లో అయిపోయింది, వేపచెట్టు మూడింట్లో అయిపోయింది, చీర నీలం మొదటిసారికే కుదిరింది. మిరపకాయలు మాత్రం ప్రాణం తీస్తున్నాయి.

కంప్యూటర్‌లో చుక్క చుక్కగా (పిక్సెళ్లతో) వేస్తున్న బొమ్మ, 160×120 పిక్సెళ్లు, మొత్తానికి 16 రంగులే. మా ఖమ్మం వైపు ఎర్ర చల్క నేల మీద కల్లం, కల్లం నిండా తేజ రకం మిరపకాయలు, పక్కన వేపచెట్టు, దాని కింద తాలు (రంగు పోయిన కాయలు) ఏరుకుంటూ ఒక పెద్దావిడ. ఇప్పుడు అందరూ పట్టాలు పరిచే ఆరబోస్తున్నారు కదా, నీలం పట్టా వేసెయ్, గొడవే ఉండదు అన్నాడు ఒక ఫ్రెండ్. నిజమే, గొడవ ఉండదు. కానీ నాకు చిన్నప్పుడు చూసిన కల్లమే కావాలి, మట్టి మీద ఎరుపు.

పేరుకే 16 రంగులు. ఏస్‌ప్రైట్‌లో (ఇలాంటి బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్) ఇండెక్స్‌డ్ మోడ్, అంటే ప్రతి పిక్సెల్‌కీ నంబరు వేసిన రంగు గడుల్లోంచే రంగు తీసుకునే పద్ధతి, పెట్టుకుంటే సున్నా నంబరు పారదర్శకతకి పోతుంది, మిగిలేది 15. చెట్టుకి 3, ఆకాశానికి 2, చీరకి 2, మట్టికి 3, మిర్చికి 3, గడ్డికి 1, గీతలకి నలుపు లాంటి ముదురు రంగు 1. పెద్దావిడ ఒంటికి విడిగా రంగు లేదు, మట్టి దగ్గరే అప్పు. ఈ అప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నా మెడకే చుట్టుకుంది.

మొదట పెట్టిన మట్టి 163, 72, 46 (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి 255కి ఎంత అన్నది). మిర్చి 196, 40, 45. ప్యాలెట్‌లో, అంటే రంగుల గడుల పట్టీలో, పక్కపక్కన చూస్తే బ్రహ్మాండంగా ఉన్నాయి. బొమ్మలో పెట్టాక మిర్చి మాయం! ఒక్కో కాయ ఐదు పిక్సెళ్ల పొడవు, రెండు పిక్సెళ్ల వెడల్పు, అంత చిన్న ముక్క నేల మీద పడగానే తుప్పు మరకలా అయిపోయింది. గ్రేస్కేల్‌లో చూస్తే కల్లమంతా ఒకే బూడిద రంగు. అప్పుడు కూర్చుని లెక్క వేశాను, పాత టీవీ లెక్కే: ఎరుపుని 0.299తో, ఆకుపచ్చని 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కూడటం. మట్టి వెలుగు 96, మిర్చిది 87. 255లో తేడా తొమ్మిది. హ్యూ (రంగుల చక్రంలో రంగు ఉండే చోటు) చూస్తే ఒకటి 13 డిగ్రీలు, ఇంకోటి 358, అంటే అక్కడా తేడా 15 డిగ్రీలే. కంటికి పట్టు దొరికేదేదీ లేదు.

సరే, మిర్చి వెలుగు పెంచుదాం అని 232, 51, 58 చేశాను. లెక్కలో 106 వచ్చింది, అంటే మట్టిని దాటి అటువైపు మళ్లీ పది. ఇంత పెంచి సాధించింది ఇంతే, పైగా కాయలు ప్లాస్టిక్ బొమ్మల్లా ఉన్నాయి. ఇక్కడే ఒక విషయం బుర్రకెక్కింది. అసలు సిసలు ఎరుపు, 255, 0, 0, దాని వెలుగే 76. ఎరుపు మన కంటికి ఎంత గట్టిగా అరిచినా లోపల ముదురు రంగే. దాన్ని ఇంకా లేతగా చేయాలంటే ఆకుపచ్చో నీలమో కలపాల్సిందే, కలిపితే నారింజ వైపో గులాబీ వైపో జారుతుంది, మిర్చి మిర్చిలా ఉండదు. కాబట్టి కదల్చాల్సింది మట్టిని.

ఇండెక్స్‌డ్‌లో ఉన్న సుఖం ఏమిటంటే ఒక గడి మారిస్తే బొమ్మంతా మారిపోతుంది, గంటలో ఎన్ని మట్టిలైనా చూడొచ్చు. ముదురు చేశాను: 110, 48, 34. వెలుగు 65, తేడా 22. కాయలు విడిగా కనిపించాయి, సంబరపడి పెద్దనాన్నకి వాట్సాప్‌లో పంపాను. ఫోన్ చేసి "ఏందిరా, కల్లం తడిసిందా? పట్టా కప్పలేదా?" అన్నాడు. మళ్లీ చూస్తే నిజమే, వాన పడి వెలిసిన నేల. ఎండబోసిన కాయల కింద తడి నేల.

లేతగా చేశాను: 201, 138, 94. వెలుగు 152, తేడా 65. ఇంత తేడాతో కాయలు ఎగిరిపడ్డాయి. కానీ నేల ఏటి ఇసక అయిపోయింది, పైగా పెద్దావిడ చేతులు మాయం. అప్పు చేసిన రంగు కదా, మట్టి మారగానే చెయ్యి కూడా మారి రెండూ కలిసిపోయాయి. చీర ఒక్కటే గాల్లో కూర్చుని తాలు ఏరుతోంది.

ఇక వేరేవాళ్లు ఏం చేశారో చూద్దామని రెడీమేడ్ ప్యాలెట్లు తెరిచాను. పికో-8 (చిన్న గేములు చేసుకునే సాఫ్ట్‌వేర్) ప్యాలెట్‌లో ఎరుపు వెలుగు 85, బ్రౌన్‌ది 105. డాన్‌బ్రింగర్ 16 అనే ఇంకో 16 రంగుల ప్యాలెట్‌లో ఎరుపు 111, బ్రౌన్ 90. ఒకదాంట్లో బ్రౌన్ లేతది, ఇంకోదాంట్లో ఎరుపు లేతది, కానీ రెండింట్లోనూ ఎడం ఇరవై చుట్టుపక్కలే. ఇదేదో కాకతాళీయం అనిపించలేదు. అలాగని ఆ రంగులే వాడలేను, పికో-8 ఎరుపులో గులాబీ ఎక్కువ, మన మిర్చికి పనికిరాదు. అందరూ దాన్నే ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారో నాకైతే అర్థం కాదు. గేములకి సరే, ఎండకి, మట్టికి అది సెట్ కాదు. ఫోటో ఇచ్చి అందులోంచి సాఫ్ట్‌వేర్‌తోనే 16 రంగులు లాగేయడం కూడా చూశాను. సగం గడులు మట్టి రంగులే మింగేశాయి, నీలం రానేలేదు. ఆ పద్ధతికి దండం.

నాలుగో మట్టి: 148, 98, 76. ఈసారి వెలుగు కంటే శాచురేషన్ (రంగు చిక్కదనం) మీద చెయ్యి వేశాను, 72 శాతం ఉన్నదాన్ని 49కి దించాను. వెలుగు 110. మిర్చి మధ్య రంగు 87 అలాగే ఉంచి, కాయ అడుగున నీడకి ఊదా వైపు జరిపిన 107, 20, 54 (వెలుగు 50), పైన ఒక్క పిక్సెల్ మెరుపుకి 140 దగ్గర నారింజ. అంటే మట్టి మెరుపుకీ మధ్య రంగుకీ నడుమ కూర్చుంది. నేల ఎండిన నేలలా ఉంది, కాయ కాయలా ఉంది, చెయ్యి కూడా కనిపిస్తోంది. పన్నెండు కాయలకి ఒకటి చొప్పున గడ్డి రంగుతో తాలు కాయలు చల్లితే ఆ ఎరుపు ముద్ద కూడా కాస్త విడిపోయింది.

అయిపోయిందా? లేదు. చెట్టు నీడ కల్లం మీద పడుతోంది. నీడలో మట్టి 90, 58, 64, వెలుగు 68. అక్కడ మిర్చికి 87 వాడితే నిప్పు కణికల్లా వెలుగుతోంది, ముదురు 50 వాడితే చీమల బారు. చెకర్ డిథరింగ్ (రెండు రంగుల పిక్సెళ్లని చదరంగం గడుల్లా మార్చి మార్చి పెట్టడం) వేసి చూశాను, దోమతెర కప్పినట్టు ఉంది. మధ్యలో ఒక రంగు కావాలి, గడులు ఖాళీ లేవు. చీర దగ్గర ఒకటి లాక్కుందామంటే మడతలు పోతాయి, ఆకాశం ఒక్క రంగు చేస్తే సాయంత్రమే పోతుంది.

మళ్లీ పెద్దనాన్నకే పంపాను. చూసి "నీడలో ఎవడన్నా కాయలు ఆరబోస్తాడ్రా?" అన్నాడు. రెండు ఆదివారాలు నీడలో మిర్చికి రంగు వెతికినవాణ్ని ఏం మాట్లాడను. రాత్రే చెట్టుని ముప్పై పిక్సెళ్లు ఎడమకి జరిపాను, నీడ కల్లం అంచు దాకానే వస్తోంది. కానీ పెద్దావిడ నీడలోనే కూర్చుంటుంది, ఆవిడ ముందు ఏరడానికి పోసుకున్న కుప్ప ఉంటుంది, ఆ కుప్ప ఇంకా చీమల బారులాగే ఉంది. దాదాపు 14×9 పిక్సెళ్ల ముక్క. దాన్ని విడి కాయలుగా కాకుండా ఒకే ముద్దగా, అంచున మాత్రం నాలుగైదు మధ్య రంగు పిక్సెళ్లతో వేసి చూడాలి.

వచ్చే వారం ర్యాంపులన్నీ (ఒక్కో రంగుకి ముదురు నుంచి లేత దాకా మెట్లు) ఓకేల్యాబ్‌లో, అంటే కంటికి కనిపించే తేడాకి దగ్గరగా రంగుల్ని కొలిచే పద్ధతిలో, మళ్లీ కడదామని ఉంది. ఈ టీవీ లెక్క ముదురు ఎరుపుల దగ్గర నా కంటితో ఏకీభవించడం లేదని అనుమానం. అది కుదిరితే ఇదే బొమ్మకి ప్యాలెట్ ఒక్కటే మార్చి రాత్రి కల్లం, కాపలా మంచం, ఒక టార్చి లైటు. టార్చి వెలుగులో ఎరుపు ఏమవుతుందో ఇప్పటికి ఆలోచించను.