రెండు ఇంటిపేర్లు

పిల్లలు పడుకున్నారు, అత్తమ్మ సీరియల్ కూడా అయిపోయింది. నాకే నిద్ర రావడం లేదు. మధ్యాహ్నం పోస్టాఫీసు ఉద్యోగం కోసం వెళ్తే, అక్కడ సర్టిఫికెట్లు చూసినాయన నా టెన్త్ మెమో, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టి, "ఈమే ఆమె అని నాకెట్లా తెలుస్తుందమ్మా?" అన్నాడు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను!

మెమోలో బాపు ఇంటిపేరు, ఆధార్‌లో మా ఆయన ఇంటిపేరు. పెళ్లి సర్టిఫికెట్ కావాలట, నోటరీ అఫిడవిట్ కూడా. మా లగ్గం ఎవరు రిజిస్టర్ చేయించారు? పత్రిక ఉంది, ఫోటోలున్నాయి, ఇద్దరు పిల్లలున్నారు. అవేవీ లెక్కలోకి రావు. మా అన్నకూ పెళ్లయింది. ఆయన కాగితాల్లో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. బస్సులో వస్తున్నంతసేపూ నా కడుపు మండింది ఇందుకే.

అసలు ఇక్కడిదాకా రావడమే ఎక్కువ. గ్రామీణ డాక్ సేవక్ పోస్టుకు పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. అంతా టెన్త్ మార్కుల మీదే, అదీ దశాంశం తర్వాత నాలుగు అంకెల దాకా చూస్తారు. నాకు ఆరువందలకు 562, అంటే 93.6667. మా తర్వాత వచ్చిన గ్రేడుల వాళ్లకు పాయింట్లను 9.5తో గుణిస్తారు కాబట్టి పదికి పది ఉంటే నేరుగా 95. 2020 బ్యాచ్‌కు పరీక్షలు మధ్యలోనే ఆగిపోయి, ఇంటర్నల్ మార్కులతోనే గ్రేడులొచ్చాయి. ఆ పిల్లల తప్పేమీ లేదు, కానీ మొదటి లిస్టులో నా పేరు లేనప్పుడు చాలా బాధేసింది. చివరి లిస్టుల్లో వచ్చింది, ఏబీపీఎంగా, అంటే అసిస్టెంట్ బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌గా. పక్క ఊరి బ్రాంచ్ పోస్టాఫీసు.

సైకిల్ తొక్కడం వచ్చి ఉండాలన్నది ఇంకో నిబంధన. స్కూటీ నడిపినా సరే అంటారు. నేను మాత్రం సైకిల్ వచ్చని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం పెడుతుంటే బస్టాండు వెనకాల సైకిల్ షాపు గుర్తొచ్చింది. గంటకు రెండు రూపాయలు. ఆడపిల్లకెందుకని అమ్మ కేకలేసేది. బాపు ఏమీ అనకుండా చొక్కా జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి అన్న చేతిలో పెట్టేవాడు, నన్ను చూడకుండా. అన్న తన గంటలో సగం నాకిచ్చేవాడు. సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కేదాన్ని. చెరువుగట్టు మీద గొలుసు ఊడితే లంగా అంతా గ్రీసు. సబ్బుకు పోలేదు, కిరోసిన్‌కూ పోలేదు. అమ్మ ఆ లంగాను చింపి మసిగుడ్డ చేసింది. బాపు ఉంటే ఈ లిస్టు చూసి మా వాడ అంతా తిరిగి చెప్పేవాడు.

ఇందాక టైపు చేయడం మొదలుపెట్టినప్పుడు, ఇక ఈ ఉద్యోగమూ వద్దు, ఈ తిరుగుడూ వద్దు అని రాద్దామనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆసరా పింఛన్ రోజు మా ఊరి పోస్టాఫీసు ముందు చూడాలి. వేలిముద్ర పడక లచ్చవ్వ బొటనవేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ మళ్లీ పెడుతుంది. మా వాడలో ఇంటిపేరుతో సహా ఒకే పేరున్న ముసలమ్మలు ముగ్గురున్నారు. రేపు ఏటీఎం కార్డో, కోర్టు నోటీసో ఉన్న స్పీడ్ పోస్టు కవరు పట్టుకుని అలాంటి వాళ్ల గడపలో నిలబడితే, "ఇది నీదేనా అవ్వా?" అని నేనూ అడగాల్సిందే. అడగకుండా ఇస్తేనే తప్పు. కాబట్టి ఆ సర్టిఫికెట్లు చూసినాయన అడగడం సరైనదే. అడిగిన తీరు మాత్రం సరైనది కాదు, అది నేను ఒప్పుకోను. ముందే ఒక ముక్క చెప్పి ఉంటే రెండూ తీసుకునే వెళ్లేదాన్ని కదా.

ఇంకో కాగితం దగ్గర చేయి ఆగింది. ఈ ఉద్యోగం కాక వేరే జీవనాధారం ఉందని రాసివ్వాలి. రోజుకు నాలుగైదు గంటల పని, మొదట్లో పదివేలు, పైన డీఏ. ఈ పోస్టులో చేసేవాళ్లు రెగ్యులర్ ఉద్యోగుల కిందికి రారు. ఎండనకా వాననకా ఇల్లిల్లూ తిరిగే మనిషిని, బతకడానికి వేరే దారి చూపించమని అడుగుతున్నారు. నాకిది ఇంటిపేరు గొడవకన్నా పెద్ద అన్యాయంగా తోస్తోంది. మరిది సాయంత్రం, "పదివేలకు ఇంత అవసరమా వదినా?" అన్నాడు. ఆ పదివేలు నెలనెలా నా ఖాతాలో పడతాయి, ఎవరినీ అడగక్కర్లేదు. అవసరమే.

జీవనాధారం దగ్గర కుట్టు మిషన్ అని రాశాను. దసరాకు ఒప్పుకున్న జాకెట్లు ఇంకా కట్ చేయలేదు. పొద్దున నోటరీ దగ్గరికి వెళ్లేలోపు రెండైనా కత్తిరించాలి.